అత్తకు అన్నీ తీవ్రంగానే

ఆ రోజుల్లో మనిషికి ఏం జరిగినా రెండే రకాలుగా జరిగేది. తీవ్రంగా, లేదంటే స్వల్పంగా. హుజూర్‌నగర్‌లో నేనో పత్రికకు కొత్తగా విలేకరినైన కాలమది (2004 అనుకుంటాను). ఎద్దు కుమ్మినా, ఆటో బోల్తా పడినా, వాన రాక రైతు దిగులుపడినా అన్నిటినీ ఆ రెండు మాటల్లోనే సర్దేసేవాణ్ణి. స్వల్పంగా అంటే వార్త లోపలి పేజీలో ఓ మూలకు పోతుంది, తీవ్రంగా అంటే ఫొటోతో సహా వస్తుంది. లోకమంతా ఇదే పద్ధతిలో నడుస్తుందని నా గట్టి నమ్మకం.

అందుకే, గొర్లు కాసే మా మేనత్తకు ఛాతీలో నొప్పి వస్తుంటే మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోతూ బస్సులోనే పాఠం చెప్పాను. "జర నొస్తందంటే డాక్టర్ పట్టించుకోడత్తా. ఏమడిగినా తీవ్రంగా అను." అత్త ఆ మాటను దారి పొడుగునా నెమరేసింది.

డాక్టరు కోదాడ వైపు మనిషి, నిదానస్తుడు. ముందు ఈసీజీ తీయించి, "నొప్పి ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు. "తీవ్రంగ." "ఆకలి?" "తీవ్రంగ." "నిద్ర పడుతుందా?" అత్త ఒకసారి నా వైపు చూసి, "అది సుత తీవ్రంగనే పడతది సారూ" అంది. (నేను గోడ మీది పాపాయి బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాను.) ఈసీజీ బాగానే ఉంది, మనిషేమో ఇలా అంటోంది. ఆయన తల గోక్కుని, "ఎందుకైనా మంచిది, హైదరాబాద్ తీసుకెళ్లండి. నాలుగు రోజులు ఉంచుకుంటారు" అన్నాడు.

అత్త ముఖం పాలిపోయింది. "అయ్యో, గొర్లు ఈనుతున్నయి సారూ! నేను లేకుంటె పిల్లలు దక్కయి. గా మాట వీడే అనమన్నడు!" నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డాక్టరు మాత్రం నవ్వకుండా కుర్చీ ముందుకు జరుపుకుని, "అతని మాట వదిలెయ్యండి. మీకెలా ఉంటుందో మీరే చెప్పండి" అన్నాడు.

అత్త రొమ్ము మీద చెయ్యేసి చూపించింది. "తిన్నంక జరసేపు ఊకుంటది. ఇగ గీడ సన్నగ రాజుకుంటది. వంగి గడ్డి కోస్తె సుర్రున గొంతుదాక ఎగబాకుతది. మజ్జిగ తాగితె మెల్లమెల్లగ సల్లారుతది." నేను నోరు తెరుచుకుని విన్నాను. ఒక్క నొప్పి ఇన్ని తీర్ల నడుస్తుందా! ఇంకా చెబితే బాగుండు అనిపించింది. డాక్టరు మాత్రలు రాస్తూ, "గుండె కాదమ్మా, కడుపులో మంట. కారం తగ్గించి, హాయిగా గొర్ల దగ్గరికే వెళ్లండి" అన్నాడు.

తిరుగు బస్సులో అత్త కిటికీలోంచి చూస్తూ, "మీ మామ ఉన్నప్పుడు గిట్లనే అడుగుతుండె, ఎట్లుందే, ఏడ నొస్తందే అని. ఊకె సతాయిస్తడని కసురుకుంటుంటి" అంది. మామ పోయి అప్పటికి చాన్నాళ్లయింది. ఆ తర్వాత ఆమెను అలా అడిగినవాడు ఆ డాక్టరొక్కడే. ఏదో ఒకటి అనాలి కదా అని, "సోడా తాగుతవా అత్తా?" అన్నాను. ఊరూరూ తిరిగి ప్రశ్నలడగడమే పనిగా పెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. "మామ ఇంకేమంటుండె?" అని ఒక్క మాట అడిగి ఉంటే, ఊరొచ్చేదాకా చెబుతూనే ఉండేది.