ఎమ్మిగనూరులో నాకు రాని జ్వరం

మద్రాసు, బెంగుళూరు, బళ్ళారి టెన్నిసు పోటీలు వరసగా ఆడి గుంతకల్లులో ఆదోని బండి ఎక్కేసరికి నా కుడి భుజం ఇక నా మాట వినడం మానేసింది. పొద్దున ఏడుకు కదిలిన బండి ఎనిమిదిన్నరకు ఆదోని చేర్చింది. ఆదోని బళ్ళారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలోకి వచ్చి ఏడాదే అయింది. ప్లాట్‌ఫారం మీద తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే నోట వినవచ్చు. స్టేషనుకు దగ్గర్లో సత్రం ఉంది, గది శుభ్రం, నీళ్ళు మాత్రం మనమే తోడుకోవాలి.

ఆ సాయంత్రం ఆదోని క్లబ్బులో ఒక పత్తి వ్యాపారితో ఆడి గెలిచాను. దండ వేసినప్పుడు అందుకోవడానికి చెయ్యి లేవలేదు.

మర్నాడు ఎమ్మిగనూరులో ఆడతానని మాటిచ్చి ఉన్నాను. ఇచ్చింది ఈరన్న అనే నేతగాడికి. ఈరన్న పన్నెండేళ్ళు బళ్ళారి క్లబ్బులో మార్కరు. మార్కరంటే క్లబ్బు పెద్దలతో రోజూ ఆడుతూ, వాళ్ళ రాకెట్టు దగ్గరికే బంతి పంపి, చివరికి మర్యాదగా ఓడిపోవలసిన ఉద్యోగి. ఆ కొలువు వదిలి సొంత ఊళ్ళో మగ్గం పట్టాడు. ఇంటి వెనక గరుసు పోసి, దిమ్మిస కొట్టి కోర్టు చేసుకున్నాడు, వల తనే అల్లుకున్నాడు. "ఒక్కసారి నాతో నిజమైన ఆట ఆడండి సార్, ఈ జన్మకు సాలు," అని బళ్ళారిలో అడిగితే సరేనన్నాను. మగ్గాలు ఆగేది అమావాస్యనాడే కనక ఆట ఆనాడే పెట్టారు.

అమావాస్య పొద్దున ఏడు గంటల బస్సు దాకా వెళ్ళాను. ఎక్కలేదు. 'జ్వరం, రాలేను' అని ఈరన్నకు చీటీ రాసి కండక్టరు చేతికిచ్చాను. రెండు గంటల రైలు పట్టుకుని ఇల్లు చేరి వారం రోజులు నిద్రపోవాలని నా ఆలోచన.

"అమావాస్య పూట పైనం మానుకునేదే మంచిది లేప్పా," అన్నాడు కండక్టరు. నా అబద్ధానికి పంచాంగం కూడా తోడొచ్చింది.

పదకొండున్నరకు బస్టాండు హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ముందేసుకుని కూర్చున్నాను. నాలుగణాలతో కడుపు నిండుతుంది, ఆదోని వెళ్ళినవాళ్ళు తప్పక తినండి. రెండో బజ్జీ కొరికి తలెత్తితే ఎదురుగా ఈరన్న, భుజం మీద కంబళి. మిగిలిన బజ్జీ ఆకు కింద దాచబోయాను.

"జ్వరంలో నోరు సేదుగా ఉంటాది, కారం తినాలనిపిస్తాది లే సార్," అని తనే నాకు సర్దిచెప్పాడు. "ఆట పోతే పోయె. ఊరు కాని ఊర్లో ఒక్కరే పడుంటే మిమ్మల్ని సూసేదెవరు? మా ఇంటికి పోదాం పాండి."

నిజం చెప్పవలసింది అప్పుడే. చెప్పలేదు. సిగ్గు అడ్డొచ్చింది, ఆ సిగ్గే తర్వాత వందింతలైంది.

పన్నెండు గంటల బస్సులో నాకు కంబళి కప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వెనక సీటులో అద్దకం పని చేసే ఎమ్మిగనూరు సాయబు ఒకాయన, "బుఖారులో గాలి తగలకూడదు భాయ్," అని లేచి వచ్చి కిటికీ పరదా దించేశాడు. గంటన్నర దారి. ఒక్క పొలమూ చూడలేదు, కాబట్టి దారి గురించి రాయలేను.

ఈరన్న తల్లి మిరియాల కషాయం ఇచ్చి నా నుదురు తడిమింది. "సెమట పడతాంది, జ్వరం దిగుతాంది నాయనా," అంది. ఆ ఎండలో కంబళి కప్పితే రాయికైనా చెమట పడుతుంది.

వెనక కోర్టు దగ్గర జనం ఉన్నారని తెలుసు. మాధవరం నుంచి బండ్లు కట్టుకుని కూడా వచ్చారట. తిడతారని చెవులు రిక్కించాను. చప్పుడే లేదు.

"అందరూ వెళ్ళిపోయారా అమ్మా?"

"యాడికి పోతారు? నువ్వు నిద్దర పోతాండావని గుసగుసగా మాట్లాడుకుంటాండారు. లేసినాక ఒకసారి సూసి పోతారంట."

కిటికీలోంచి చూశాను. కోర్టు చుట్టూ వందమందికి పైగా కూర్చున్నారు. ఒకామె ఏడవబోతున్న పిల్లను కొంగుచాటున సముదాయిస్తోంది. నన్ను నిలబెట్టి చెప్పుతో కొట్టినా అంత తలవంపుగా ఉండేది కాదు.

నాలుగున్నరకు రాకెట్టు తీసుకుని బయటికి వచ్చాను. ఈరన్న వద్దంటే వద్దన్నాడు. "నన్ను చూసి తగ్గవద్దు," అని కోర్టులోకి దిగాను. ఈరన్న మొదటి సర్వీసు నా కంటికి ఆనలేదు, గీత మీద పడి వెళ్ళిపోయింది. అలాంటి సర్వీసు బెంగుళూరులో కూడా చూడలేదు. నేను అలవాటుగా భుజం పట్టుకున్నాను. అంతే, రెండో బంతి నుంచి ప్రతిదీ మోకాలి ఎత్తున, నా కుడిచేతికి, విస్తట్లో వడ్డించినట్టు వచ్చింది. మళ్ళీ మార్కరైపోయాడు.

"ఆడు ఈరన్నా!" అని అరిచాను.

"ఆడతానే ఉండా కదా సార్," అని నవ్వాడు.

సెట్టు ఆరు–మూడుతో నాదే అన్నారు. అద్దకం సాయబు లేచి, "జ్వరంలో కూడా మాట తప్పలే, మనిషంటే ఈయనప్పా!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఈరన్న తను నేసిన పంచె నా భుజాన కప్పాడు.

ఆరున్నర బస్సు దగ్గర ఎలాగో నోరు తెరిచాను. "ఈరన్నా, నాకు జ్వరం లేదు."

"ఇంక యాడుంటాది సార్, మా యమ్మ కషాయం తాగినాక!" అన్నాడు.

రెండోసారి చెప్పే ధైర్యం రాలేదు. చెబితే, ఒక్కసారి నిజంగా ఆడాలని కోర్టు కట్టుకున్న మనిషికి, ఆ ఆట ఎవరి దొంగ జ్వరానికి ధారపోశాడో తెలిసిపోతుంది. బస్సు కదిలింది.

మర్నాటి పొద్దున ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఎమ్మిగనూరు మంచి ఊరు, అక్కడి మనుషులు పరాయివాణ్ణి పరాయిగా చూడరు. మీరు వెళితే అమావాస్యనాడే వెళ్ళండి, అందరూ తీరిగ్గా దొరుకుతారు. జ్వరంతో ఆడి మాట నిలుపుకున్న ఒకాయన కథ మీకు తప్పక చెబుతారు. ఆయనకు జ్వరం లేదని, ఆ రోజు గెలిచింది ఈరన్నేనని నలుగురిలో చెప్పండి. నాకు చేతకాలేదు.