బాతులొచ్చేయి, గట్టు రాలేదు

మొన్న మా మనవరాలికి పార్సిల్లో ఆరు బెజ్జాల రేకు పిల్లనగ్రోవి ఒకటి వచ్చింది. ఎలా పట్టుకోవాలో, ఎలా కూర్చోవాలో, ఏమేమి చేయకూడదో అచ్చువేసిన కాగితం కూడా దాంతోపాటే పెట్టారు. ఫోనులో పాఠం చెప్పే మాస్టారైతే వేలు కాస్త పక్కకి జరిగినా ఒప్పుకోడు. పిల్ల దాన్ని బల్లమీద వదిలి అలా వెళ్ళిందో లేదో, నేను దాని కొస మంచినీళ్ళ గ్లాసులో ముంచి ఊదాను. గది నిండా పిట్టలు వాలినట్టయింది. పరుగున వచ్చి, "తాతయ్యా, అది అలా వాడేది కాదు, పాడైపోద్ది" అని లాక్కుపోయింది. అలా వాడేది కాదట. బడి మొహం ఎరగకుండా, పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి నేను. ఒక వస్తువు దేనికి పనికొస్తుందో దాన్ని అమ్మినవాడే చెప్పాలన్న మాట నాకు ఏనాడూ ఒంటబట్టలేదు. కోపం వచ్చిన మాట నిజమే. అయితే ఆ గులగుల శబ్దం వినగానే, కోపం కంటే ముందు నా అరచేతులు చల్లబడ్డాయి. అవి ఎందుకు చల్లబడ్డాయో నా ఈడువాళ్ళకి, అందులోనూ రేవులు దాటి బతికినవాళ్ళకి, చెప్పుకోవాలనిపించింది.

మీసాలు వచ్చీరాని రోజుల్లో నేను సఖినేటిపల్లి రేవుకి దిగువన మా మేనమామ బాతుల మంద కాసేవాణ్ణి. అచ్చం ఇలాంటి పిల్లనగ్రోవే అంతర్వేది తీర్థంలో కొనుక్కున్నాను. పాట ఒక్కటీ పలికేది కాదు. పలకకపోతే ఊరుకుంటామా, ముక్కుతో ఊదేవాణ్ణి. బెజ్జాలకి బంకమట్టి మెత్తి, పూటకో బెజ్జం తెరిచి, ఇవాళ ఏమంటుందో చూసేవాణ్ణి. తడి కొబ్బరి కమ్మలు అంటుకోక అమ్మ కళ్ళు నులుముకుంటుంటే దాన్నే ఊదుగొట్టం చేసేవాణ్ణి. నిప్పు రాజుకునేది కాదు గాని, పొయ్యికి కూడా మేళం పెట్టించావురా అని అమ్మ నవ్వేది. అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం కొసని నీళ్ళలో ముంచి ఊదడం. బాతులకి తవుడు వేసేటప్పుడల్లా అలా ఊదేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ శబ్దం వింటే చాలు, మంద మందంతా మెడలు చాచుకుని వచ్చి మీద పడేది. అవి నీ బాతులా నా బాతులా, నేను పిలిస్తే తల కూడా తిప్పడం మానేశాయని మావయ్య దెప్పేవాడు.

ఆ చలికాలంలోనే అక్క తొలికానుపుకి మా ఇంటికి వచ్చింది. బావ మస్కట్‌లో ఉన్నాడు. ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలై ఆగిపోయాయి, మళ్ళీ మొదలై మళ్ళీ ఆగాయి. చూసిన మంత్రసాని, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమని, ఆవలి ఒడ్డుకి, నర్సాపురం ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. మంచు వల్ల జనాన్ని దాటించే పంటు ఇంకా కదలలేదు. బతిమాలితే చిన్న నావ నడిపే పెద్దాయన ఒకాయన, పలచగానే ఉందిలెండి దాటేద్దాం అని ఎక్కించుకున్నాడు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని అక్క పడుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

ఏటి మధ్యకి వచ్చేసరికి మంచు దట్టంగా కమ్మేసింది. చీకటైతే కళ్ళు కాస్త అలవాటు పడతాయి. ఆ తెలుపుకి అలవాటు పడడమన్నది లేదు. నా చెయ్యి నాకు కనిపిస్తోంది, తెడ్డు కొస కనిపించడం లేదు. ఈవలి ఒడ్డూ లేదు, ఆవలి ఒడ్డూ లేదు. పెద్దాయన తెడ్డు ఆపి, చెయ్యి నీళ్ళలో పెట్టి కాసేపు అలాగే ఉంచాడు.

"ఆటు అందుకుందండి. కిందకి లాగేస్తోంది," అన్నాడు.

ఆటంటే నీరు వెనక్కి తీసే వేళ, కిందనంటే సముద్రం. మేం దాటుతున్న ఏరు, వశిష్ఠ, అక్కడికి కాస్త దూరంలోనే కడలిలో కలుస్తుంది.

"ఎటు పోతున్నామండీ?" అంది అమ్మ.

"తెలిస్తే చెప్పనా తల్లీ. నాకూ కాళ్ళు వణుకుతున్నాయండి."

నడిపేవాడే ఆ మాట అనేసరికి అక్క నా మణికట్టు పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆ పట్టు బిగుస్తోంది, నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గిపోతోందని నాకే తెలుస్తోంది.

కిందకి పోతున్నామంటే మావయ్య బాతుల దొడ్డి దగ్గర్లోకి వస్తున్నట్టే కదా, బాతులు పలికితే ఒడ్డు ఎటో తెలుస్తుంది కదా అని అప్పుడు తట్టింది. మొలలోంచి పిల్లనగ్రోవి తీసి, అంచు మీదకి వంగి, కొస ఏట్లో ముంచాను. మొదట ఊపిరే నిలవలేదు. మూడోసారికో నాలుగోసారికో పలికింది. ఊదాను, విన్నాను, మళ్ళీ ఊదాను. ఎక్కడో చాలా దూరాన బాతులు అరిచాయి. పెద్దాయన నావని అటు తిప్పాడు. అరుపులు దగ్గరయ్యాయి, మరీ తొందరగా దగ్గరయ్యాయి, ఒడ్డుకి చేరిపోయాం అనుకుంటుండగా తెల్లటి మంచులోంచి తెల్లటి బాతులు ఒక్కొక్కటే బయటికి వచ్చి నావ చుట్టూ చేరాయి. చుట్టూ అంతా నీళ్ళే.

"బాతులొచ్చేయండి బాబూ," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "గట్టు రాలేదు."

తవుడనుకుని ఏట్లో పడి ఈదుకొచ్చేశాయి. ఎటు నుంచి వచ్చాయో చెప్పడానికి ఒక్కటి కూడా ఒడ్డున మిగల్లేదు. అంత నొప్పిలోనూ అక్క, "తవుడు లేదని చెప్పరా వాటికి, నావెక్కేసేలా ఉన్నాయి" అంది. అమ్మకి నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపైపోయింది. నాకు రెండూ రాలేదు. మా నలుగురితోపాటు మావయ్య బతుకుతెరువుని కూడా సముద్రంలోకి పిలుచుకుపోతున్నాననిపించింది.

"ఇంక ఊదకండి," అన్నాడు పెద్దాయన. "తిండి లేదని తెలిస్తే వాటి దారిన అవి పోతాయి. ఆటు ఎంత లాగినా దొడ్డి మాత్రం మరిచిపోవండి."

తెడ్డు పైకెత్తి కూర్చున్నాడు. ఆ ఎదురుచూపు ఎంతసేపో నాకు తెలియదు. నావ కిందకి జారుతూనే ఉంది. బాతులు చుట్టూ తిరిగాయి, విసుక్కున్నాయి, నావ చెక్కని పొడిచాయి. ఆఖరికి ఒకటి మెడ తిప్పి మంచులోకి పోయింది, దాని వెనక ఇంకొకటి, ఆ పైన మందంతా బారు తీరింది. ఆ బారు తోకని వదలకుండా పెద్దాయన ఏటికి అడ్డంగా తెడ్డు వేశాడు. మొదట నా చెవిన పడ్డవి మావయ్య తిట్లు. ఆ తరవాతే అడుగున ఇసక తగిలింది.

నర్సాపురం మాట అందరం మరిచిపోయాం. మావయ్య గుడిసెలో గడ్డి పరిచి అక్కని పడుకోబెట్టారు. పక్క మందలు కాసే ఆడవాళ్ళు ఇద్దరు అమ్మతో లోపలికి వెళ్ళారు. నేను బయట నిలబడ్డాను. కాసేపటికి లోపల హడావుడి ఒక్కసారిగా ఆగింది. బిడ్డ పుట్టినట్టే ఉంది. ఏడ్చిందో లేదో తెలియదు. తవుడు దొరకని కోపంతో బాతులు ఆకాశం ఎత్తుకుంటున్నాయి. తడికకి చెవి ఆనించినా ఆ గోల తప్ప ఏమీ వినపడదు. నదిమీద పడిన భయమంతా ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. మావయ్య తవుడు బస్తా తెచ్చి మొత్తం నేలమీద గుమ్మరించేశాడు. ముక్కులన్నీ కిందకి వాలాయి. అప్పుడు, సన్నగా, పిల్ల ఏడుపు వినపడింది.

ఇప్పుడు అక్కడ బాతుల దొడ్లు లేవు, రొయ్యల చెరువులు ఉన్నాయి. మంచు పడితే పంటుతోపాటు చిన్న నావలూ కట్టేస్తారు, కానుపుకి కారు గుమ్మంలోకి వస్తుంది. మంచిదే, ఎవరు కాదంటారు. నన్ను మండించేది ఒక్కటే: ఈ కాలంలో భయమేస్తోందని అంటే ఏం కాదంటూ మాత్ర చేతిలో పెడతారు, ఎదుటివాడు తన కాళ్ళు వణుకుతున్నాయని చచ్చినా చెప్పడు. ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది, ఆ తరవాత అమ్మ, నిరుడు అక్క. ఆ గుడిసెలో పుట్టిన మేనకోడలికి ఇప్పుడు మనవలు. పెళ్ళిళ్ళలో ఈ కథ ఆవిడే చెబుతుంది, బాతులు నావ చుట్టూ చేరడం చేతులు తిప్పుతూ చూపిస్తుంది, పందిరంతా పడిపడి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఒకప్పుడు ఆ నవ్వుల మధ్య అక్క నా వైపు చూసి మణికట్టు పట్టుకునేది. ఇప్పుడు ఆ చోటు వచ్చినప్పుడు నా మణికట్టు నేనే పట్టుకుని కూర్చుంటున్నాను.