దవడన పెట్టుకునే తీపి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. అనంతపురంలోని నా పంటి క్లినిక్కుకు బత్తలపల్లి దగ్గరి పల్లెనుంచి నాగమ్మ అనే అవ్వ వచ్చింది. మేకలు కాస్తుంది. వెంట ఆరేళ్ళ మనవరాలు గంగ. పిల్లకు పాలపళ్ళు సగం పుచ్చిపోయాయి. అంతకన్నా నన్ను భయపెట్టింది వెనక కొత్తగా మొలిచిన దవడపన్ను. దాన్ని ‘ఫస్ట్ మోలార్’ అంటాం. అది పోతే మళ్ళీ మొలవదు. దాని గుంటలో అప్పుడే గోధుమరంగు మచ్చ పడింది.

మేకల వెంట పోయేటప్పుడు దప్పిక కాకుండా దవడన బెల్లం ముక్క పెట్టుకోవడం వాళ్ళ అలవాటు. అది కరిగేదాకా పన్ను తీపిలో నానుతుంది.

“బెల్లం, చక్కెర మానెయ్యవ్వా. చెట్టునుంచి వచ్చే తీపి వాడు, పళ్ళు పుచ్చవు” అని గడగడా చెప్పాను. నా మనసులో ఉన్నది ‘స్టీవియా’, అంటే మధుపత్రి. పంటిమీది బాక్టీరియా ఆ ఆకు తీపిని పళ్ళను తినేసే ఆమ్లంగా మార్చలేదు. బయట జనం ఎదురుచూస్తున్నారు. ఆ ఆకు పేరు చీటీమీద రాసి పంపేశాను. అవ్వకు చదువు వచ్చా అని అడగనేలేదు.

నెల తర్వాత వచ్చేసరికి మచ్చ పెద్దదైంది. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయిందని విసుక్కున్నాను.

“బెల్లం మానలేదా అవ్వా?”

“ఏందమ్మా, నువ్వు చెప్పినట్టే చేసినా గదా! చెరుకు బెల్లం మానేసి తాటిబెల్లం పెడతాండా. తాడి చెట్టు గాదా?”

నాకు తల కొట్టేసినట్టయింది. తాటిబెల్లమూ పళ్ళు పుచ్చించేదేనని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

“పోనీలేమ్మా, ఇప్పుడన్నా సరిగ్గా చెప్పు. పిల్ల పన్ను నిలుస్తాదా?”

గుంట శుభ్రంచేసి ‘సీలెంట్’ వేశాను. అది పంటి గుంటల్ని మూసే పూత. మా కుండీలోని మధుపత్రి ఎండుటాకులు తెచ్చి చేతిలో పెట్టాను. అవ్వ ముందు తానే నమిలి చూసింది.

“తియ్యగానే ఉండాది. ఎనకాల రవ్వంత చేదు” అంటూ గంగ దవడన ఒక ఆకు పెట్టింది. దప్పికకు మాత్రం నీళ్ళ సీసా పట్టుకుపొమ్మని చెప్పాను.

ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వస్తారు. గంగ పన్ను గట్టిగా ఉంది. ఇప్పుడు ఎవరికి ఏం చెప్పినా, “ఇంటికి పోయి ఏం చేస్తారో ఒకసారి చెప్పండి” అని అడుగుతాను. జవాబు విన్నాకే చీటీ రాస్తాను.

మచ్చ పెరిగిందని అవ్వ కోపంతో వేరే డాక్టరు దగ్గరికి పోయుంటే నా పొరపాటు నాకెన్నటికీ తెలిసేది కాదు. తిరిగి నా దగ్గరికే వచ్చినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.