ఒరగని సబ్‌మెరైన్

సబ్‌మెరైన్ చెడిపోయి సముద్రం అడుగున పడిపోతే లోపలివాళ్లను ఎలా బయటికి తేవాలో నేర్పే ప్రోగ్రాం రాసేవాళ్లం మేము. అదీ కోకాపేటలో, పదకొండో అంతస్తులో కూర్చుని. మాలో సగం మందికి ఈత రాదు.

మాకు సంగతులు చెప్పడానికి విశాఖ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆయన కొడుకు అదే ఉద్యోగంలో ఉన్నాడు. రోజూ సాయంత్రం వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "ఒక్కసారి రన్ చెయ్యండి బాబూ" అనేవారు. తెరమీద, సముద్రం అడుగుకు వెళ్లి మనుషుల్ని ఎక్కించుకొచ్చే రక్షణ పడవ నీళ్లలోకి దిగి, సబ్‌మెరైన్ తలుపు మీద సరిగ్గా కూర్చునేది. అందరూ బయటికి వచ్చేవారు. ఆయన "హమ్మయ్య" అని బ్యాగు తీసుకునేవారు.

ఒకరోజు ఆయనే అడిగారు. "అదేంటండీ, సబ్‌మెరైన్ ఎప్పుడు చూసినా బల్లమీద పెట్టినట్టు సమంగా ఉంటోంది? అడుగున బురదా బండలూ ఉంటాయి కదా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నెలల కిందట క్లయింటుకు డెమో ఇచ్చేటప్పుడు, పడవ తలుపుకు అతుక్కోక పరువు పోతుందని, సబ్‌మెరైన్ ఎంత ఒరగాలో చెప్పే చోట సున్నా పెట్టేశాను. చప్పట్లు పడ్డాయి. సున్నా అలాగే ఉండిపోయింది. డెమో కోసం చేసినవి తర్వాత సరిచేద్దాంలే అనుకోవడం మా అందరికీ ఉన్న రోగమే.

"తప్పు నాదే సార్. డెమో కోసమని గట్ల పెట్టి మర్చిపోయిన. జర ఆగుండ్రి, ఇప్పుడే తీసేస్త."

సబ్‌మెరైన్‌ను ఒరిగించి నడిపాను. పడవ తలుపు మీద కూర్చోబోయి జారింది. మళ్లీ దిగింది, మళ్లీ జారింది. లోపల గాలి చెడిపోతోంది. మనుషుల్ని చూపే పచ్చ చుక్కలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. వాలు కాస్త తగ్గించి మళ్లీ నడిపాను. ముందు భాగంలో ఉన్న కొందరే వచ్చారు.

"మావాడు వెనకాల, ఇంజన్ల దగ్గరుంటాడండి," అన్నారాయన.

అంతవరకు ఏదో మంచి పని చేస్తున్నానని మురిసిపోయేవాణ్ణి. ఆ నమ్మకం ఆ సాయంత్రంతో పోయింది, ఇప్పటికీ తిరిగి రాలేదు.

"అందర్నీ బయటికి తీస్తున్నారని మా ఆవిడకి రోజూ ఫోన్లో చెబుతున్నానండి. దానికి ఈమధ్యే కాస్త నిద్ర పడుతోంది. పాతది చెరిపెయ్యకండి బాబూ. వచ్చేవారం తను ఇక్కడికి వస్తోంది, ఒక్కసారి చూపిద్దాం."

ఆవిడ వచ్చారు. కింద రిసెప్షన్లో సోఫా మీద కూర్చోబెట్టి, లాప్‌టాప్‌లో మళ్లీ సున్నా పెట్టి నడిపాను. అందరూ బయటికి వచ్చారు. ఆవిడ లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టారు.