మెట్లెక్కిన లిఫ్టాయన

లిఫ్టు బాగుచేసే మనిషి లిఫ్టు మానేసి మెట్లెక్కితే ఎంత గొడవ అవుతుందో ఆ పన్నెండు అంతస్తుల భవనంలో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అలాంటి వింత ఎన్నడూ జరగలేదు మరి.

ఆయన్ని అందరూ లిఫ్టాయన అనే పిలిచేవాళ్లు. యాభై దాటిన మనిషి. చేతులకు గ్రీజు, చెవి మీద పెన్సిలు. తాళ్లు బిగించడం, తలుపులు సర్దడం, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లకు బయటినుంచి ధైర్యం చెప్పడం ఆయన ఉద్యోగం. లోకాన్నంతా పైకెక్కించాడు గానీ, తను మాత్రం మొదటి అంతస్తుకి కూడా మెట్ల మీద వెళ్లిన పాపాన పోలేదు.

ఆ భవనం డాబా మీద లిఫ్టు మోటారు ఉండే గది ఒకటుంది. దానికి పుస్తకమంత కిటికీ. వాన వెలిసిన మర్నాడు ఆ కిటికీలోంచి చూస్తే, ఊరంతా దాటి ఎక్కడో దూరంగా మంచుకొండలు కనబడేవి. ఆయన మోటారుకి నూనె పోస్తూ, వాటిని చూస్తూ ఏళ్లు గడిపేశాడు. ఒకరోజు ఇంటికొచ్చి, బట్టలు కత్తిరిస్తున్న భార్యతో, "ఆ కొండలెక్కుదామే" అన్నాడు. ఆవిడ కత్తెర ఆపకుండానే, "ఎక్కుదాం, ముందు చేతులు కడుక్కోండి" అంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక కుట్టుపని బల్ల మీద పటం పరిచారు. ఒక మూల కత్తెర, ఒక మూల దారపుకండెలు బరువు పెట్టారు. మందుల షాపు నడిపే బావమరిది పిలవకపోయినా వచ్చేశాడు. అతను అంతకుముందే ఒకసారి ఆ కొండలకు వెళ్లొచ్చాడు గనక పెద్దరికం అతనిదే.

"బావా, పెద్ద దారిలో వెళ్లండి. సగం దాకా జీపు ఉంది. పైన వేడినీళ్లు, పరుపులు, అడుగడుక్కీ టీకొట్టు. నడిచేదంతా కలిపితే మా షాపు నుంచి మీ ఇంటికున్నంత దూరం."

"జనం?"

"సంతే అనుకో. కానీ సరదాగా ఉంటుంది."

లిఫ్టాయన పటం మీద ఇంకో పక్కన సన్నటి చుక్కల గీత చూపించాడు. పూర్వం గొర్రెలకాపరులూ ఉప్పు వ్యాపారులూ నడిచిన దారి అది. లోయల్లోంచి మెల్లగా ఎక్కుతుంది, చాలా రోజులు పడుతుంది. కొట్లు లేవు, తిండి మోసుకుపోవాలి, రాళ్లు పేర్చిన కొట్టాల్లో పడుకోవాలి. "జీపులో గబుక్కున పైకెళ్తే తలనొప్పి, వాంతులు తప్పవురా. ఈ దారిలో అయితే ఎక్కిన ఎత్తు ఒంటికి అలవాటయ్యాకే ముందుకెళ్తాం" అన్నాడు.

"మెల్లగా ఎక్కడం గురించి నువ్వా బావా చెప్పేది! ఒక్క నిమిషం లిఫ్టు రాకపోతే లోకం మునిగినట్టు పరిగెత్తేవాడివి!"

"నేను మాత్రం జనం లేని దారికే వస్తా. పొద్దస్తమానం కొలతలు తీస్తూ జనాన్నే కదా చూసేది" అని భార్య తేల్చేసింది. దాంతో బావమరిది పటం మడతపెట్టేశాడు.

ఆ దారిలో తీసుకెళ్లడానికి ఒక కాపరి దొరికాడు. గట్టు మీదికి ఎక్కితేనే అతని ఫోను పలికేది. గాలి హోరులో అరుస్తూ రెండే ముక్కలు చెప్పాడు. ఒకటి, వచ్చే ఏడాదికి ఆ దారి ఉండదు, రోడ్డు వేస్తున్నారు, అది కూడా జీపుల పాలవుతుంది. రెండు, బరువు మోస్తూ, ఆయాసం లేకుండా కబుర్లు చెబుతూ ఎక్కగలిగితేనే రావాలి.

ఇక మిగిలింది సెలవు. కంపెనీలో ఆయన పై అధికారి ఒక మేడమ్. "మీ భవనాల్లో ఒక్క ఫిర్యాదు కూడా రాకుండా చూసుకోండి, సెలవిస్తాను. వచ్చిందా, మనిషిని కదలనివ్వను" అంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు సెలవు రాకముందే ఊరంతా చాటొద్దని భార్య గట్టిగా చెప్పింది. ఆయన నోరు కుట్టేసుకున్నాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

పని అయిపోయాక రోజూ ఆ భవనంలోనే మెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. బరువు కోసం భార్య మూలపడేసిన పాత కుట్టుమిషను ఇనుప భాగాన్ని దుప్పటిలో చుట్టి వీపున వేసుకున్నాడు. అడుగు వేసినప్పుడల్లా అది ఖంగుఖంగుమనేది. కబుర్లు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు గనక బావమరిదితో వాదిస్తున్నట్టు తనలో తానే మాట్లాడుకుంటూ ఎక్కేవాడు.

మొదట చూసింది రెండో అంతస్తు మాస్టారు. లిఫ్టాయన లిఫ్టు ఎక్కడం లేదు. సంచీ నిండా ఇనుప సామాను. పైగా ఏదో గొణుక్కుంటున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు, ఆ లిఫ్టుకి మూడిందని మాస్టారు తన భార్యకు చెప్పారు, ఆవిడ మూడో అంతస్తుకి చెప్పింది. వారం తిరిగేసరికి భవనం భవనమంతా మెట్ల మీద ఉంది.

మన లిఫ్టాయన ఏమనుకున్నాడు? తనను చూసి అందరికీ ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టిందనుకున్నాడు! మురిసిపోయి, ఎదురైన వాళ్లందరికీ, "మెల్లగా ఎక్కండి, తొందరేం లేదు, ఇక రోజూ ఇలాగే అలవాటు చేసుకోండి" అని సలహా కూడా ఇచ్చాడు. అది విన్నాక ఎవరికైనా ఇంకా అనుమానం మిగులుతుందా?

ఒక మధ్యాహ్నం మేడమ్ ఫోను చేసింది. "మీ లిఫ్టు ఎక్కితే ప్రాణాలు పోతాయట కదా! రేపు పొద్దున నేనే వచ్చి చూస్తాను. ఇక సెలవు సంగతి మర్చిపోండి."

ఆయన పరుగున వెళ్లి లిఫ్టు అణువణువూ చూశాడు. ఎక్కడా లోపం లేదు, రాయిలా ఉంది. అప్పుడు వాచ్‌మన్ నవ్వాపుకోలేక అసలు కథ చెప్పాడు. చివర్లో నవ్వు తగ్గించి, "పాపం, ఎనిమిదో అంతస్తు మామ్మగారే అప్పట్నుంచి కిందికి రావడం లేదు" అన్నాడు.

సెలవు పోతుందన్న బాధ కన్నా ఈ మాట ఎక్కువ గుచ్చుకుంది. సాయంత్రమైతే కింద తోటలో బెంచీ మీద కూర్చోవడం మామ్మగారికి ఊపిరి లాంటిది. ఆయన లిఫ్టులోనే పైకి వెళ్లి, తలుపు తట్టి, తలవంచుకుని మొత్తం చెప్పాడు. కొండ, కాపరి, కుట్టుమిషను, అన్నీ. మామ్మగారు కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు.

"ఓరి నీ అసాధ్యం కూలా! నీ కొండ కోసం నన్ను గదిలో కూర్చోబెట్టావట్రా నాయనా! సరే, ఆ దారి ఎలా నడుస్తారో చెప్పు."

"ఏముంది మామ్మగారూ, కాసేపు నడవడం, కూర్చోవడం. ఊపిరి కుదుటపడ్డాక లేవడం. ఎవరితోనూ పోటీ లేదు."

"అలా అయితే నేనూ నడవగలను. ఈ ఇంటికొచ్చాక ఒక్క మెట్టు దిగి ఎరగను. రేపు పొద్దున రా, ఒక్క అంతస్తు దిగుతాను. అక్కణ్ణుంచి నీ లిఫ్టు."

"అమ్మో! రేపు మా మేడమ్ వస్తుంది. మిమ్మల్ని మెట్ల మీద చూసిందంటే నా సెలవు గోవిందా!"

మామ్మగారు కిటికీలోంచి కిందనున్న బెంచీ వైపు చూశారు. ఆ చూపు ఆయనకు తెలిసినదే. మోటారు గది కిటికీ దగ్గర తను కొండల్ని చూసే చూపు అది. "పొద్దున్నే వస్తాను" అన్నాడు.

మర్నాడు ఒక చేత్తో ముక్కాలిపీట, ఇంకో చేత్తో మామ్మగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపసాగాడు. సగంలో పీట వేసి కూర్చోబెట్టాడు. సరిగ్గా అప్పుడే కిందినుంచి మేడమ్ రొప్పుతూ వచ్చింది. కింద జనం మాటలు విని ఆవిడ కూడా లిఫ్టు ఎక్కలేదు.

"ఇంత పెద్దావిణ్ణి మెట్ల మీద దింపుతున్నారా! లిఫ్టు అంత పాడైందా?"

"ముందు నువ్వు ఊపిరి తీసుకో తల్లీ" అన్నారు మామ్మగారు. "లిఫ్టు బంగారంలా ఉంది. నేనే కొండ దిగుతున్నా. ఇది నా మజిలీ. ఇతను నా కాపరి."

ఏడో అంతస్తు చేరాక మామ్మగారే లిఫ్టు బొత్తాం నొక్కి, అందరికన్నా ముందు లోపలికి అడుగుపెట్టారు. మేడమ్ వెంట వెళ్లింది. మేడమ్ వెనకే వచ్చి గోడ పక్కన నక్కి చూస్తున్న మాస్టారు కూడా సిగ్గుపడుతూ దూరారు. కిందికి వచ్చేలోపు మామ్మగారు మొత్తం కథ చెప్పేశారు. మేడమ్ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "సెలవిచ్చాను. కానీ తిరిగొచ్చాక ఈ భవనంలో మెట్లెక్కారంటే ఊరుకోను" అంది.

లిఫ్టాయన మామ్మగారిని బెంచీ దాకా నడిపించి కూర్చోబెట్టాడు.

"ఎప్పుడొస్తావు నాయనా?"

"ఆలస్యమవుతుంది మామ్మగారూ. అది మెల్లగా నడిచే దారి."

"మెల్లగానే రా. నువ్వొచ్చేసరికి నేను ఆరో అంతస్తు దాకా దిగి ఉంటాను" అంటూ మామ్మగారు ఎండలోకి కాళ్లు చాపుకున్నారు.