హెడ్‌ఫోన్లు తెరుచుకుంటాయని ఎదురుచూసిన రోజులు

సూరత్ వచ్చిన ఇన్నేళ్లలో నాకోసం నేను ముచ్చటపడి కొనుక్కున్న వస్తువు ఒక్కటే. చెవులు మొత్తం కప్పేసే పెద్ద నల్ల హెడ్‌ఫోన్లు.

సూరత్‌లోని భేస్తాన్‌లో మాది ఒకటే గది. నేనూ, నా భార్యా, ఎనిమిదో తరగతి చదివే మా బిడ్డా ఉంటాం. గోడకు అవతల సాంచాల కార్ఖానా. పవర్‌లూమ్ మగ్గాలను మా కరీంనగర్ వైపు సాంచాలంటారు. నేను పనిచేసేదీ అలాంటి కార్ఖానాలోనే, రెండు గల్లీల అవతల. పనిలో ఉన్నంతసేపూ అదే చప్పుడు, ఇంటికి వచ్చి పడుకుంటే గోడలోంచి అదే చప్పుడు. కాసేపైనా దాన్ని బయట పెట్టి తలుపేసుకుని పాటలు వినాలనిపించేది. అందుకే కొన్నాను.

మొదటి పాటకే మనసు విరిగింది. మూత పెట్టిన కుండలోంచి ఎవరో పాడుతున్నట్టుంది. డప్పు బాగానే వినపడుతోంది. గొంతూ వినపడుతోంది. కానీ మాటలు విడివడటం లేదు, అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. పాట మధ్యలో గజ్జెలు ఉండాలి, అవి అసలే లేవు.

మర్నాడు దుకాణానికి తీసుకుపోయాను. దుకాణదారు తన చెవులకు పెట్టుకుని తల ఊపుతూ పాట మొత్తం విన్నాడు.

"ఏక్‌దమ్ క్లియర్ హై భాయ్. నయా హై నా, చల్‌నే దో. ఖుల్ జాయేగా."

కొత్తది కదా, కొన్నాళ్లు నడిస్తే అదే తెరుచుకుంటుందని అతని మాట. నన్ను వదిలించుకోవడానికి చెబుతున్నాడనుకున్నాను. ఇంటికి వచ్చాక మా బిడ్డ ఫోనులో వెతికింది.

"నిజమేనట బాపూ. కొత్తయి కొన్ని దినాలు చాలూ పెట్టి వదిలేస్తే ఆవాజ్ మంచిగైతదట. ఇంకొందరేమో అదంతా జూటా మాటలంటున్నరు."

"మంచిగైతదన్నోళ్ల మాటే ఇందాం" అన్నాను.

ఆ రోజు నుంచి అదొక పని అయింది. నేను డ్యూటీకి పోయేముందు వాటిని ఇంట్లో ఉన్న పాత ఫోనుకు తగిలించి, పాటలు పెట్టి, గూట్లో ఉంచేవాణ్ని. ఆ గూటి కిందే కూర్చుని నా భార్య చీరలకు రాళ్లు అంటించేది. ఎవరూ వినని పాటలు రోజంతా నడిచేవి. ఇంటికి రాగానే చెప్పులు విప్పి ముందు వాటినే పెట్టుకునేవాణ్ని. ఒక్కోరోజు కొంచెం తెరుచుకున్నట్టే అనిపించేది. సౌండు పెంచితే ఇంకొంచెం. మర్నాడు మళ్లీ అదే కుండ, అదే మూత.

"ఏమైంది, తెరుచుకున్నయా?" అని నా భార్య అడిగేది.

"ఇంకా కాలే. జర టైం పడ్తది."

వారానికోసారి నేను పనిచేసే కార్ఖానాకూ, గోడ అవతలిదానికీ ఒకేసారి సెలవు. ఆ రోజు గల్లీ మొత్తం నిశ్శబ్దమవుతుంది. అలాంటి ఒక సెలవు రోజు పొద్దున నేను గోడకు ఆనుకుని పాట వింటున్నాను. మా బిడ్డ వచ్చి, నేనూ వింటానంటూ హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకుంది. పెట్టుకున్న మరుక్షణమే వాటిని ఊడబెరికి నా ఒళ్లో పడేసింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"ఏంది బాపూ గింత సౌండు! కాన్ ఫట్ జాయేగా!"

అది సౌండు తగ్గించి మళ్లీ పెట్టుకుంది. కాసేపు విని, మెల్లగా అడిగింది.

"గజ్జెలు మంచిగనే ఇనపడుతున్నయి గద. నీకు ఇనపడ్తలేవా?"

అది నా ముఖం చూసి ఫోనులో ఏదో వెతికింది. ఈల శబ్దాలట, లావు నుంచి సన్నం దాకా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయట. హెడ్‌ఫోన్లు తీసేసి, ఫోనును మా ముగ్గురి మధ్య చాప మీద పెట్టింది. మొదటి రెండు మూడు నాకూ వినపడ్డాయి. తర్వాత ఆగిపోయింది.

"అయిపోయిందా?" అన్నాను.

నా భార్య ముఖం చిట్లించుకుని ఉంది. "అబ్బ, బంద్ చెయ్యే, చెవులల్ల సూదులు గుచ్చినట్టున్నది" అంటోంది బిడ్డతో. ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారనుకుని నవ్వాను. వాళ్లు నవ్వలేదు. ఫోను ఇంకా మోగుతూనే ఉందని అప్పుడు అర్థమైంది.

ఆస్పత్రిలో చెవుల డాక్టరు మన తెలుగాయనే. పరీక్ష కోసం నన్నొక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. గాజు అవతల ఒకమ్మాయి మీటలు తిప్పుతోంది. ఆమె చేయి కదులుతోంది, నాకేమీ వినపడటం లేదు. నొక్కనా, మాననా? పరీక్షలో తప్పుతున్న పిల్లవాడిలా చెమటలు పట్టాయి. తలుపు తీసుకుని పారిపోదామనిపించింది.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదండీ. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో ఉన్నారు కదా, సన్నటి శబ్దాలు పోయాయి" అన్నాడు డాక్టరు.

"ఈ పని ఇడిసిపెడ్తె మళ్ల వస్తదా సార్?"

"పోయింది రాదండీ. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆ చప్పుడుకు దూరంగా ఉండాలి."

దూరంగా ఎక్కడికి పోవాలి? మా కార్ఖానా యజమాని శేఠ్‌ను అడిగాను, బట్టలు మడతపెట్టే గదిలోకి మార్చమని. ఆయన కోప్పడలేదు, చాయ్ కూడా తెప్పించాడు. అక్కడ ఖాళీ లేదన్నాడు, దీపావళి అయ్యాక చూద్దామన్నాడు. మన ఊరికే తిరిగి పోదామా అంది నా భార్య. ఊళ్లో మాత్రం నాకు చేతనైన పని ఏముంది? అక్కడా సాంచాలే.

డాక్టరు చెప్పిన ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుని పనిలోకి పోయాను. సాంచా నడిపేవాడు సగం పని చెవితోనే చేస్తాడు. పోగు తెగితే చప్పుడు మారుతుంది. చెవులు మూసుకున్నాక ఆ మార్పు నాకు తెలియలేదు. బట్ట చెడింది, సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టాడు. పెట్టుకుంటే పని పోతుంది, తీస్తే ఉన్న కాస్త వినికిడీ పోతుంది. ఇప్పుడు ఒక చెవికి పెట్టుకుంటాను, మధ్యాహ్నం రెండో చెవికి మారుస్తాను. డాక్టరుకు ఈ మాట చెప్పలేదు.

ఇంట్లో నా భార్య ఎప్పటి నుంచో నాతో గొంతు పెంచే మాట్లాడుతోందట. పక్కింటావిడ మేం రోజూ కొట్లాడుకుంటామనుకుందట. "కొట్లాట కాదక్కా, మా ముచ్చట్లే గట్లుంటయి" అని చెప్పిందట నా భార్య. అదీ నాకు బిడ్డ చెబితేనే తెలిసింది.

నలుగురిలో కూర్చున్నప్పుడు ఒక మాట రెండోసారి అడగాలంటే నాకు సిగ్గు. అందరూ నవ్వితే నవ్వేస్తాను. మొన్న అన్నాలు తింటుంటే మా బిడ్డ బడిలో జరిగిందేదో చెప్పింది, వాళ్లమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. అది తినడం ఆపి నా వైపు తిరిగింది.

"ఇనపడలే గదా బాపూ?"

"లేదు బిడ్డా" అన్నాను.

అది నాకు ఎదురుగా జరిగి కూర్చుని, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.