నేను పొడిచిన పన్నెండు అట్టలు

మొన్న అటక దులిపిస్తుంటే పాత గోనెసంచి ఒకటి చిరిగి, అందులోనుంచి జకార్డు అట్టల దండ జారి, పాము కుబుసంలా నా కాళ్ల ముందు పరుచుకుంది. మగ్గం ఉన్న ఇళ్లలో పుట్టి పెరిగిన మీ అందరికీ ఆ అట్టలు తెలిసే ఉంటాయి. చీర అంచులో పువ్వు రావాలన్నా హంస రావాలన్నా ముందు ఆ అట్టల్లో రంధ్రాలు పడాలి, వాటిని వరస తప్పకుండా దారంతో కుట్టి మగ్గం నెత్తిమీది పెట్టెకు ఎక్కించాలి. ఆ కుట్టే పని మదనపల్లెలో మా ఇంట్లో ముప్ఫై ఏళ్లు నాదే. చదివింది మూడో తరగతి అయినా అట్టమీద వేలు పెడితే ఏ పువ్వులో ఏ రేకో చెప్పగలిగేదాన్ని. ఆ రోజు కూడా ఊరికే వేలు పోనిచ్చాను, పన్నెండు అట్టల దగ్గర గరుకు తగిలింది. ఆ రంధ్రాలు నేను పొడిచినవి.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. కుప్పంలో ఉండే మా అన్న కూతురు బెంగళూరులో బట్టల మీద బొమ్మలు గీసే చదువు చదివేది. అటువంటి చదువు ఒకటి ఉందని మా బంధువుల్లో ఎవరికీ తెలియదు, మా అన్నకైతే అది చదువే కాదు. చివరి పరీక్షకు బట్టల కంపెనీవాళ్లు వచ్చి పిల్లలు చేసిన పని చూసి ఉద్యోగాలకు ఎంచుకుంటారట. అందులో ఎంచుకున్నారా సరి, లేదంటే ఆ మరునాడే పెట్టె సర్దుకుని కుప్పం వచ్చేయాలని మా అన్న ఒట్టు వేయించుకున్నాడు. ఆ పరీక్షకు పిల్ల తన బొమ్మను తానే గీసి, మగ్గంమీద నేయించి తీసుకుపోవాలి. అందుకని సెలవులకు మా ఇంటికి వచ్చింది.

వచ్చే దారిలో పుంగనూరులో దిగి, రేడియోలు బాగుచేసే మా చిన్నాన్న అంగట్లో పూటంతా కూర్చుని, పాడైపోయిన రేడియోలోని పచ్చ పలక ఒకటి అడిగి తెచ్చుకుంది. దానిమీద సన్నటి గీతలు, చుక్కలు, ఒక గీత ఇంకో గీతను తాకకుండా తిరిగిన దారులు. దాన్ని నా అట్ట పక్కన పెట్టి, "అత్తా, ఈ రెండింటికీ బుద్ధి ఒకటే. నీ అట్టలో రంధ్రముంటే పోగు లేస్తాది, లేకుంటే లేదు. దీంట్లో గూడా అంతే, దారుంటే కరెంటు పోతాది, లేకుంటే లేదు" అంది. నాకు అర్థం కాలేదు గానీ, నా పని గురించి అంత గౌరవంగా మాట్లాడినవాళ్లు అంతకుముందు లేరు.

ఆ పలకమీది గీతలనే చీర అంచుగా గీసి, ఆ గీతలమీద ఉడుతలను పరిగెత్తించింది. ఒకదానికి మా చిన్నాన్న కళ్లద్దాలు, ఒకదానికి మా ఇంటాయన మీసం. ఆయన ఆ కాగితం చూసి, "ఇదేంది పాపా, దీనికి నా మీసం యాల పెట్టినావు? దీన్ని సూస్తే పిల్లి గూడా దండం పెట్టి పక్కకు పోతాది" అని నవ్వి, పనుల మధ్య రెండు గజాల పడుగు ఆ పిల్ల కోసం ఉంచాడు. పిల్ల గ్రాఫు కాగితంమీద గళ్లు నింపి, అట్టలు కొట్టించి, నా చేతికిచ్చి బెంగళూరు వెళ్లిపోయింది.

నేను అట్టలు కుడుతూ వేలితో గీతను చదువుకుంటూ పోతుంటే, చివరి ఉడుత దగ్గర గీత తెగిపోయింది. పన్నెండు అట్టల మేర గీత రావాల్సిన చోట రంధ్రమే లేదు. కొట్టినవాడు మరిచిపోయాడనుకున్నాను. మా అత్త చెప్పేది, సాలెవాడింట తెగిన పోగు కంటపడితే ముడి వేయకుండా లేవకూడదని. వేలికి బూడిద అద్దుకుని వేల పోగులు అతికిన చేతులు ఇవి, ఊరుకుంటాయా? సుత్తి, మొల తెచ్చి పన్నెండు అట్టలకూ నేనే రంధ్రాలు పొడిచాను. ఎవరికీ చెప్పలేదు, అందులో చెప్పేందుకు ఏముందనుకున్నాను. మా మగ్గంమీద బట్ట మంచి ముఖం కిందికి ఉంటుంది కాబట్టి ఆయన మధ్య మధ్య అద్దం కిందికి పెట్టి చూసుకునేవాడు. గీత ఎక్కడా తెగలేదు, బాగుంది అనేవాడు.

పరీక్షకు ముందునాడు పిల్ల వచ్చింది. పడుగు అయిపోయి, బట్ట కోయడానికి సిద్ధంగా ఉంది. కోయకముందే ఆత్రంగా అద్దం తీసుకుని కింద పెట్టి చాలాసేపు చూసింది.

"అత్తా, చివర గీత తెగి ఉండాల కదా. ఎవురు అతికింది?"

"నేనేనమ్మా. తెగి ఉండాదని సూసి అతికినా" అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆ పిల్ల అద్దం తీసి గూట్లో పెట్టి, "బాగుండాదిలే అత్తా" అని, బట్ట కోయించి, మడిచి పెట్టుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. ఒక్కమాట గట్టిగా అని ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

తెగిన గీత గురించి పిల్ల కాగితంలో రాసిచ్చింది ఒకటి, బట్టమీద ఉన్నది ఇంకొకటి అన్నారట ఆ కంపెనీవాళ్లు. ఇటువంటి అంచు ఏ అంగట్లోనైనా దొరుకుతుందన్నారట. వేరే పిల్లలను ఎంచుకున్నారు. మా అన్న తన మాట ప్రకారం పిల్లను కుప్పానికి తీసుకొచ్చేశాడు. దారి చుట్టైనా ఒక పూట మా ఇంట్లో దిగినప్పుడు ఆ పిల్ల తన బొమ్మల పుస్తకం నా ఒళ్లో పెట్టి, ఇంక నాకెందుకత్తా, నువ్వే పెట్టుకో అంది. వాళ్లు వెళ్లాక తిరగేశాను. చివరి పేజీలో ఒక ఉడుత నాలాగే ముక్కుపుడక పెట్టుకుని, తెగిన గీత రెండు కొసలను రెండు చేతులతో పట్టుకుని, వాటిని కలపబోతూ కూర్చుని ఉంది. కింద తెలుగులో రెండే అక్షరాలు, నా మూడో తరగతికి అందేవి. అత్త.

ఇప్పుడు మా వీధిలో చేతిమగ్గాలు లేవు. అట్టలూ లేవు, బొమ్మ కంప్యూటరులోనుంచి నేరుగా మరమగ్గానికి పోతుంది. పోగు తెగితే యంత్రమే టక్కున నిలబడిపోతుందట. ఆ పిల్ల కుప్పంలో జిరాక్సు అంగడి పెట్టుకుంది. పోయిన ఏడు వెళ్లినప్పుడు, ఏమైనా గీస్తాండావా అని అడిగితే నవ్వి, ఎవరిదో కాగితం మిషన్లో పెట్టింది.

మొన్న ఆ పన్నెండు అట్టలనూ ఏరి, మైదాపిండి ఉడికించి, నేను పొడిచిన రంధ్రాలమీద ఒక్కొక్కటిగా కాగితం అతికించాను. ఎండలో పెట్టి, ఆరాక వేలితో చదివి చూశాను. గీత సరిగ్గా ఆ పిల్ల తెంపిన చోటే తెగింది. తిరిగి సంచిలో వేసి అటక ఎక్కించాను. వాటిని ఎక్కించే మగ్గం ఊళ్లో ఎవరింట ఉందో నాకు తెలియదు.